చూడమంటే చెరిపేసింది

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి పాపికొండల బోటు టికెట్ల సైటు చేశాను. స్ప్రింగ్ కంట్రోలర్‌లో ఒకే ఫంక్షన్, దాని మీద రిక్వెస్ట్‌మ్యాపింగ్. టికెట్ చూడాలన్నా, తీయాలన్నా, రద్దు చేయాలన్నా అన్నీ అందులోనే. లాగిన్ చెక్ "తర్వాత పెడదాంలే" అనుకున్నాను. డెమో ముందు రోజు రాత్రి రద్దు లింకును మా వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఎవరూ నొక్కకండ్రా" అన్నాను. ఎవరూ నొక్కలేదు. టికెట్ మాత్రం రద్దయిపోయింది!

ప్రివ్యూ చూపించడం కోసం యాప్ ముందే ఆ అడ్రసుకి గెట్ రిక్వెస్టు పంపింది. వచ్చింది గెట్టా, పోస్టా అని నా కోడ్ అడగనే లేదు.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ పేజీలోని లింకులను ముందుగానే తెచ్చిపెట్టేది. గెట్‌తో డిలీట్ చేసే సైట్లలో జనం డేటా ఇలాగే పోయింది.

గెట్ అంటే చూసి వెళ్లడం, అంతే. పోస్ట్ రెండుసార్లు వెళ్తే రెండు టికెట్లు పడొచ్చు. పుట్, డిలీట్ ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినట్టే ఉండాలి. స్వభావాలు ఇంత వేరైనప్పుడు అన్నిటినీ ఒకే గుమ్మంలోంచి రానివ్వడం ఏంటి?

మన గోదావరినే చూడండి. నది ఒకటే. తూర్పు డెల్టాకి ధవళేశ్వరంలో, మధ్య డెల్టాకి బొబ్బర్లంకలో, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరంలో వేరువేరు హెడ్ స్లూయిస్‌లు. కోనసీమకి నీళ్లు ఆపాలంటే విజ్జేశ్వరం తలుపులు ముట్టుకోనక్కర్లేదు. అలాగే యూఆర్ఎల్ ఒకటే ఉన్నా గెట్‌మ్యాపింగ్, పోస్ట్‌మ్యాపింగ్, డిలీట్‌మ్యాపింగ్ విడిగా పెట్టుకోవచ్చు. తలుపు లేని మెథడ్‌తో ఎవరైనా వస్తే ఫ్రేమ్‌వర్కే 405 అని తిప్పి పంపి, ఏవి చెల్లుతాయో అలౌ హెడర్‌లో చెబుతుంది.

"చిన్న ఫారానికి ఇన్ని ఫంక్షన్లు ఎందుకురా?" అన్నాడు మా రూమ్మేట్. నిజమే. ఫారం చూపించడానికి గెట్, తీసుకోవడానికి పోస్ట్, రెండూ ఒకే ఫంక్షన్‌లో ఉన్నా తప్పులేదు. ఫ్లాస్క్, జాంగోల్లో చాలామంది అలాగే రాస్తారు. కానీ వేటిని రానిస్తామో పేరుపెట్టి చెప్పాలి. మనం అడిగితే తప్ప ఫ్లాస్క్ పోస్ట్‌ను రానివ్వదు. స్ప్రింగ్ రిక్వెస్ట్‌మ్యాపింగ్ మాత్రం మనం మెథడ్ చెప్పకపోతే అన్నిటికీ తలుపు తెరిచేస్తుంది.

ఇవాళే మీ ప్రాజెక్టు తెరవండి. రద్దు, డిలీట్ లాంటివి గెట్‌తో నడుస్తున్నాయా? వెంటనే మార్చండి. నాది డెమో టికెట్ కాబట్టి సరిపోయింది. రేపు ఉద్యోగంలో అది ఎవరి ఇంటిల్లిపాది ప్రయాణమో అవుతుంది.