బండి చెప్పే మాట మనమూ వినాలి

పన్నెండేళ్ల పాత పెట్రోలు కారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణుకుతుంది. గేరు వేసి కదిలిస్తే పికప్ ఉండదు. మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతూనే ఉంటుంది. షెడ్డుకు తీసుకెళ్తే ‘సెన్సర్ పోయింది సార్’ అంటారు. ఏ సెన్సర్, పోయిందని ఎలా తెలిసింది అని అడగడానికి చాలామందికి నోరు పెగలదు. ఆ ప్రశ్న అడిగే ధైర్యమిచ్చే పరికరం, బండి కంప్యూటర్ రాసిపెట్టిన లోపాల కోడ్‌లను చదివే ఓబీడీ కోడ్ రీడర్, వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో జాకీ, వీల్ స్పానర్ పక్కన అదీ ఉండాలి.

ఒకప్పుడు ఏ కంపెనీ సాకెట్ దానిదే, ఏ కంపెనీ కోడ్‌లు దానివే. అమెరికా 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ ఒకే తరహా 16 పిన్నుల సాకెట్, ఒకే తరహా కోడ్‌లు ఉండి తీరాలంది. పొగ కాలుష్యాన్ని అదుపు చేయడానికి పెట్టిన ఆ నిబంధన సామాన్య యజమానికి అనుకోని వరమైంది. మన దేశంలో భారత్ స్టేజ్-4 నిబంధనలు 2010లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో మొదలయ్యాయి. ఆ ప్రమాణాల కార్లకు 2013 ఏప్రిల్ నుంచి అదే తరహా ఏర్పాటు, ఓబీడీ-2, తప్పనిసరి అయింది. అంతకు ముందరి బండ్లలో సాకెట్ ఉన్నా, కొన్నిటి భాష చవక రీడర్లకు అందదు. కార్బురేటర్ కాలపు మారుతి 800లో అయితే చదవడానికి కంప్యూటరే లేదు.

సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఉంటుంది. రీడర్ గుచ్చి, తాళం ఆన్‌లో పెట్టి, ఫోన్‌ను బ్లూటూత్‌తో కలిపితే తెర మీద పీ0301 అని వచ్చిందనుకోండి. మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని దానర్థం. తప్పటడుగు పడేది సరిగ్గా ఇక్కడే. ఏ పార్టు పోయిందో ఆ కోడ్ చెప్పలేదు. స్పార్క్ ప్లగ్ అయి ఉండొచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ పడిపోయి ఉండొచ్చు. కోడ్ వీధి పేరు చెప్పింది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

వెతకడం కష్టమేమీ కాదు. ప్రతి సిలిండర్ మీద విడిగా కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, అది చల్లారాక తాళం తీసేసి, మొదటి సిలిండర్ కాయిల్‌ను రెండోదాని మీదికి, రెండోదాన్ని మొదటిదాని మీదికి మార్చాలి. చాలా బండ్లలో కాయిల్‌కు ఒక్క బోల్టే ఉంటుంది. కనెక్టర్ క్లిప్పు మాత్రం ఎండకు పెళుసెక్కి ఉంటుంది, మెల్లగా నొక్కి లాగాలి. కోడ్ రాసి పెట్టుకుని, చెరిపి, కాసేపు నడిపి మళ్లీ చదవాలి. ఇప్పుడు పీ0302 వస్తే లోపం కాయిల్‌తో పాటే రెండో సిలిండర్‌కు నడిచొచ్చిందన్నమాట. దోషి దొరికింది. మళ్లీ పీ0301 వస్తే ప్లగ్‌ను అలాగే మార్చి చూడాలి. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. ఈ పరీక్ష చేయకుండా నాలుగు కాయిళ్లూ మార్చేసే షెడ్డు దగ్గర యజమాని జేబు చిల్లుపడుతుంది.

మిస్‌ఫైర్‌ను ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేయడం మరీ ప్రమాదం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి, దాన్ని పాడుచేస్తుంది. కాయిల్ ధర కన్వర్టర్ ధర ముందు ఎంత? ఇంజిన్ లైటు ఆగి ఆగి మెరుస్తుంటే బండి చేస్తున్న హెచ్చరిక అదే. వేగం తగ్గించి, పక్కకు తీసి ఆపేయాలి.

కారణం వెతక్కుండా కోడ్ చెరిపేసి ‘లైటు పోయింది’ అని సంతోషపడేవాళ్లూ ఉన్నారు. జ్వరం తగ్గకుండానే థర్మామీటర్ విదిలించినట్టే అది. కోడ్‌తో పాటు లోపం వచ్చిన క్షణాన ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతున్నాయో దాచిన రికార్డు కూడా చెరిగిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కోడ్‌లేమీ లేవు కానీ బండి తనను తాను పరీక్షించుకునే మానిటర్లు చాలావరకు రీడర్‌లో ‘నాట్ రెడీ’ అని కనిపిస్తున్నాయంటే, ఇటీవలే ఎవరో చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. ఎందుకని అమ్మేవాణ్ని నిలదీయాల్సిందే.

‘ఫోన్‌లో చూసొచ్చి మాకే పాఠాలు చెబుతున్నారు’ అని మెకానిక్‌లు చిరాకుపడతారు. ఆ చిరాకులో న్యాయం ఉంది. బేరింగ్ మోత, క్లచ్ జారడం రీడర్‌కు వినపడవు, మెకానిక్ చెవికి వినపడతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లను చవక రీడర్లు చాలావరకు చదవలేవు. అయితే బండి లోపలి సంగతి తెలుసుకునే విషయంలో యజమానీ, వీధి చివరి మెకానిక్కూ ఒకే పక్షం. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నాయంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వు అప్పీళ్లకు వెళ్లింది కానీ, అది లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనది. డబ్బు పోసి కొన్న బండిలో ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు కొన్నవాడిది.

పని కాగానే రీడర్ తీసేయండి. తాళం తీసినా ఆ సాకెట్‌లో కరెంటు ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే పాత బ్యాటరీ దిగిపోతుంది. షెడ్డుకు బయల్దేరే ముందు తెర మీది కోడ్‌ను ఫొటో తీసుకోండి. పార్టు మార్చాలంటే ఏ పరీక్ష చేసి తేల్చారో అడగండి. మార్చాక పాత పార్టు చేతికిమ్మనండి.