చీకట్లో వెలగని వాచీకే విలువ!

జీతం పడగానే మా టీమ్‌లో వాళ్లు కొత్త ఫోన్ల రేట్లు చూస్తారు. నేనేమో మా నాన్న పుట్టిన కాలం నాటి డైవింగ్ వాచీల ఫొటోలు జూమ్ చేసి చూస్తుంటా. కొనేది తక్కువ, చూసేదే ఎక్కువ. ఈ సరదాలో మజా అంతా అసలేదో, నకిలీ ఏదో కనిపెట్టడంలోనే ఉంది మరి!

ఈ కథ 1953లో మొదలవుతుంది. బ్లాంక్‌పాన్ అనే స్విస్ కంపెనీని నడిపిన జాన్-జాక్ ఫీష్టర్‌కి సముద్రంలో దిగే అలవాటు ఉండేది. ఓసారి లోపల టైమ్ చూసుకోకపోవడంతో సిలిండర్‌లో గాలి అయిపోయి, ప్రాణాల మీదకి వచ్చింది. డైవ్ కంప్యూటర్లు లేని రోజులవి. ఎన్ని నిమిషాలైందో తెలియకపోతే అంతే సంగతులు. అందుకే ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ వాచీ తయారైంది. దాని చుట్టూ తిరిగే రింగుంటుంది. దిగేముందు రింగు మీది గుర్తును నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడితే చాలు, లెక్క అదే చెబుతుంది.

మరి లోతులో చీకటి కదా, ముల్లు కనపడేదెలా? అప్పట్లో రేడియం పూసేవారు. మనం బండి నంబర్ ప్లేటుకి అంటించే ‘రేడియం’ స్టిక్కర్లలో రేడియం ఉండదు. ఈ వాచీల్లో ఉన్నది మాత్రం నిజం రేడియమే! ప్రమాదమని జనం భయపడేసరికి, 1960ల్లో బ్లాంక్‌పాన్ కొన్ని డయల్స్ మీద రేడియేషన్ గుర్తు వేసి, దాన్ని కొట్టేసి ‘నో రేడియేషన్స్’ అని రాసింది. ఇప్పుడవి దొరకడమే కష్టం. చాలా కంపెనీలు ట్రిటియంకి మారాయి. డయల్ అడుగున ‘స్విస్’ అన్న మాట పక్కన ‘టి’ అనే అక్షరం కనిపిస్తే అది ట్రిటియం అన్నమాట.

ఇప్పుడు చిన్న లెక్క. ట్రిటియం 12.3 ఏళ్లకోసారి సగమైపోతుంది. అరవై ఏళ్లంటే దాదాపు ఐదుసార్లు సగం. మిగిలేది 3 శాతం! రేడియం సగమవడానికి 1600 ఏళ్లు పడుతుంది కానీ, దాని ధాటికి మెరిసే పొడే పాడైపోతుంది. అంటే ఏదైనా సరే, ఇన్నేళ్ల తర్వాత రాత్రంతా వెలగకూడదు. ఎవరైనా ‘1965 పీస్, అంతా ఒరిజినల్, చీకట్లో ధగధగా మెరుస్తుంది’ అంటే... బాస్, అక్కడే ఆగండి! ఈమధ్యే ఎవరో కొత్త రంగు పూశారని అర్థం.

మన దేశం నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే పాత వాచీల్లో ఇలా డయల్‌కి కొత్త పెయింట్ వేసినవి బోలెడు. విదేశీ కలెక్టర్లు వాటికి ‘ముంబై స్పెషల్’ అని పేరే పెట్టేశారు. చూస్తే తళతళలాడతాయి. నెల జీతం పోసి కొన్నాక తిరిగి అమ్మబోతే సగం కూడా రాదు. నా భాషలో చెప్పాలంటే, పాత డయల్ మీది మచ్చలు, గీతలు వాచీకి కమిట్ హిస్టరీ లాంటివి. దాన్ని చెరిపేశాక అది ఎక్కడ తిరిగిందో, ఎవరు వాడారో చెప్పే సాక్ష్యం ఇంకేముంటుంది?

అలాగని పాతది దొరికింది కదా అని ఈతకి వేసుకెళ్లకండి. లోపలి రబ్బరు ఎప్పుడో గట్టిపడి ఉంటుంది, నీళ్లు దూరిపోతాయి. రేడియం ఉందనిపిస్తే ఇంట్లో విప్పి గోకొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే అసలు ముప్పు.

మీ ఇంటి బీరువాలో తాతగారు గల్ఫ్ నుంచి తెచ్చిన సీకో ఉందా? రిపేరుకి ఇస్తే ఒక్క మాట గట్టిగా చెప్పండి: “లోపల క్లీన్ చెయ్యండి అన్నా, డయల్‌ని మాత్రం ముట్టుకోకండి.”