ఏ బత్తా? ముందు ఆ మాట అడగండి

సంక్రాంతికి అక్కుపల్లి వెళ్లినప్పుడు శివసాగరం తీరంలో మా పిన్ని కొడుకు కలిశాడు. డిగ్రీ అయి రెండేళ్లయింది. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాడు. “అన్నియ్యా, దుబాయ్ ఉద్యోగం వచ్చేసింది” అన్నాడు మెరిసిపోతూ. కాగితం చూపించమన్నాను. ఫోన్ తీసి ఆఫర్ లెటర్ చూపించాడు. దేశం సౌదీ అరేబియా. ఊరు బత్తా. ఉద్యోగం క్లర్క్.

ఉద్దానంలో ఇది కొత్తేమీ కాదు. మనకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. వెల్డరు కువైట్‌లో ఉన్నా, ఫిట్టరు ఒమన్‌లో ఉన్నా, “మావోడు దుబాయ్‌లో ఉన్నాడు” అనే చెప్తాం. ఇంట్లో మాటగా అయితే పర్లేదు. సంతకం పెట్టే కాగితం దగ్గర కూడా అలాగే ఉంటేనే ప్రమాదం.

“బత్తా అంటే రియాద్‌లో బజారు కదా, మనోళ్లంతా సెలవు రోజు అక్కడే కలుస్తారంట, యూట్యూబ్‌లో చూశాను” అన్నాడు. తప్పేం చెప్పలేదు. రియాద్ నడిబొడ్డున బత్తా ఉంది. ఇండియా హోటళ్లు, ఫోన్ షాపులు, ఇసకేస్తే రాలనంత జనం. (మనకు బత్తా అంటే రోజు ఖర్చులకిచ్చే డబ్బు. ఆ పేరు విని వాడు ముచ్చట పడ్డంలో వింతేముంది!) కానీ ఇంకో బత్తా కూడా ఉంది. రియాద్‌కి 500 కిలోమీటర్లకు పైగా దూరంలో, సౌదీ నుంచి యూఏఈలోకి దాటే సరిహద్దు చౌకీ. అవతలి వైపు చౌకీ పేరు గువైఫాత్. చుట్టూ ఇసుక. వాడి లెటర్లో రెండో పేజీ దాకా వెళ్తే “కస్టమ్స్ క్లియరింగ్” అనే మాట కనిపించింది. ఇక ఏ బత్తానో అడగక్కర్లేకపోయింది.

సల్వాదీ ఇదే కథ. కువైట్ నగరంలో సల్వా అంటే ఇళ్లూ మేడలూ ఉన్న పేట. సౌదీలో సల్వా అంటే ఖతార్‌కి వెళ్లే దారిలో సరిహద్దు ఊరు. ఎదురుగా ఖతార్ వైపు అబూ సమ్రా. ఇందులో మోసమేం లేదు, ఊళ్ల పేర్లు అలాగే పుడతాయి. మన జిల్లాలో కొత్తూరు ఉంది, హైదరాబాద్ దగ్గర ఇంకో కొత్తూరు ఉంది, మన పక్కనే వజ్రపుకొత్తూరు ఉంది. ఎడారి పేర్లు చాలా వరకు నీటి పేర్లే. అల్ ఐన్ అంటే ఊట, మన తెలుగులో బుగ్గ అన్నమాట. హఫర్ అల్ బాతిన్‌లో హఫర్ అంటే తవ్వకం, అక్కడ తవ్విన బావుల మీదే ఊరు వెలిసింది. ఖమీస్ ముషైత్‌లో ఖమీస్ అంటే గురువారం, వారపు సంత పేరే ఊరి పేరైంది. అర్థం తెలిస్తే ఊరు కాస్త దగ్గరవుతుంది. దూరం మాత్రం తగ్గదు.

సరిహద్దు ఊళ్లో పని చెడ్డదని నేననను. లారీలు ఆగేచోట పని ఉంటుంది: టైర్ల షాపు, పెట్రోల్ బంకు, కెఫెటేరియా, క్లియరింగ్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు. కాగితాలు కదలక క్యూ పెరిగిన రోజు డ్రైవర్లు లారీ నీడలోనే వండుకుని తింటారు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉందంటే అక్కడి వేడి ఎలాంటిదో ఊహించుకోండి. పైగా ఆ ఊరి బతుకు గేటు మీద ఆధారపడి ఉంటుంది. 2017 జూన్‌లో సౌదీ, ఖతార్‌తో తెగతెంపులు చేసుకుంది. 2021 ఫిబ్రవరి దాకా సల్వా దారిలో సరుకు లారీల రాకపోకలు ఆగిపోయాయి. లారీ రాని చోట టైర్ల షాపువాడి జీతం ఎవరిస్తారు?

అసలు భయం ఇంకొకటి. గేటు దాటితే చట్టం మారుతుంది, వీసా మారుతుంది, మొర పెట్టుకోవాల్సిన మన ఎంబసీ కూడా మారుతుంది. 2024లో కోనసీమ జిల్లాకు చెందిన ఒకాయన, ఖతార్‌లో పని అని చెప్పి సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర పడేశారని వీడియోలో ఏడ్చాడు. మంత్రి నారా లోకేశ్ చొరవతో ఇంటికి చేరాడు. అందరి వీడియోలూ మంత్రి దాకా వెళ్లవు. మన జిల్లా మత్స్యకారులనే చూడండి, 2018 నవంబర్లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కారు. సముద్రంలో గీత కనపడలేదు. 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టేదాకా జైల్లోనే.

డిగ్రీ చదివినవాళ్లకు ఒక మాట చెప్పాలి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ కింద వస్తుంది, అంటే గల్ఫ్ వెళ్లడానికి వలసల శాఖ అనుమతి అక్కర్లేదు. దాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. చదువుకోని కూలీ కాంట్రాక్టును ఒక అధికారి చూస్తాడు. మీ కాంట్రాక్టును చూసేది మీరొక్కరే. ఏజెంటు లైసెన్సు నంబరు ఇ-మైగ్రేట్ పోర్టల్లో సరిచూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సిన సేవా రుసుము 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించకూడదు. దానికి రసీదు అడగండి. ఆఫర్ లెటర్లో ఊరు, జిల్లా, కంపెనీ రిజిస్టరైన దేశం మూడూ రాయించండి. రాయనంటే అదే జవాబు అనుకోండి.

మావాడు అక్కడే ఇసకలో కూర్చుని ఏజెంటుకి ఫోన్ చేశాడు. “బాబూ, బత్తా అంటే ఏ బత్తా?” “ముందు ఫ్లైటెక్కు, వెళ్లాక తెలుస్తాది” అన్నాడట అవతల. లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. రేపు పొద్దున్నే పలాస వెళ్లి ముందు అది తెచ్చుకోమన్నాను. వాడింకా ఫోన్లో మ్యాప్ పెద్దది చేసుకుని చూస్తున్నాడు. “ఇక్కడ ఒక్క చెట్టు కూడా లేదన్నియ్యా” అన్నాడు.