ఇంటి పద్దు, కొట్టు పద్దు

"అన్నీ ఒకే చోట రాసుకోండి, జీవితం దారిలో పడుతుంది" అని చెప్పేవాళ్ళు యూట్యూబ్ నిండా ఉన్నారు. నోట్సు యాప్ అంటే రెండో మెదడట! ఆఫీసు మీటింగులు, పాప టీకాల తేదీలు, క్లయింటు సర్వర్ల పేర్లు, అమ్మ షుగరు రిపోర్టు.. అన్నీ ఒకే అకౌంటులో పడేస్తే, కావలసినప్పుడు ఒక్క మాట టైపు చేసి వెతుక్కోవచ్చట. వినడానికి బానే ఉంది. ఆ రెండో మెదడు ఎవరి తలకాయలో ఉందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

నా వాదన ఇదీ. జీతానికి పనిచేసే ప్రతివాడికీ నోట్సు అకౌంట్లు కనీసం రెండుండాలి. ఒకటి కంపెనీది, ఒకటి తనది. ఏడాదికో క్లయింటు మారే మాలాంటి కన్సల్టెంట్లకయితే ఇది మరీ అవసరం.

మా ఊళ్ళో కిరాణా కొట్టాయన ఐదో తరగతితో బడి మానేశాడు. అయినా ఆయన దగ్గర కొట్టు పద్దు వేరు, ఇంటి పద్దు వేరు. ఇంట్లోకి కిలో కందిపప్పు పట్టుకెళ్ళినా ఇంటి పేరు మీద రాసి మరీ పట్టుకెళ్ళేవాడు. మనమేమో మాస్టర్స్ చేశాం. టెస్టు సర్వర్లో ఉండాల్సిన కోడు ప్రొడక్షన్లోకి వస్తే కొంపలంటుకున్నట్టు అర్ధరాత్రి ఫోన్లు చేసుకుంటాం. ఆ చేత్తోనే నాన్నగారి బైపాస్ మందుల జాబితా కంపెనీ వన్‌నోట్లో రాసుకుంటాం. ఎందుకయ్యా అంటే, "లైసెన్సు కంపెనీ వాడు ఇచ్చాడు కదా, ఫ్రీ!"

ఫ్రీ ఏమీ కాదు. ఆఫీసు లాగిన్‌తో వన్‌నోట్ తెరిస్తే మీరు రాసే పుస్తకం కంపెనీ వాళ్ళ వన్‌డ్రైవ్‌లో ఉంటుంది. కంపెనీ వాళ్ళు, అవసరమనుకుంటే, అందులో ఏ మాటయినా వెతికించుకోగలరు. మీరు వెళ్ళిపోయాక మీ ఐడీ తీసేస్తే, వాళ్ళు సెట్టింగు మార్చకపోయి ఉంటే 30 రోజులు మీ ఫైళ్ళు అట్టేపెట్టి, ఆ తర్వాత చెరిపేస్తుంది సిస్టం. ఆ 30 రోజుల్లో కూడా తలుపు తీసేది వాళ్ళే, మీరు కాదు. ఆఫీసు గూగుల్ అకౌంటుతో కీప్ వాడినా పెత్తనం వాళ్ళదే.

డాలస్ దగ్గర మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే ఒక కుర్రాడి సంగతి చెప్తాను. మంచి పనిమంతుడు. ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, లాప్‌టాప్ లాకైపోయింది, మెయిల్ కూడా రావట్లేదు" అన్నాడు. పావుగంట తర్వాత హెచ్ఆర్ నుంచి ఫోనొచ్చింది. లేఆఫ్. అతను హెచ్-1బి మీద ఉన్నాడు. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక అలాంటివాళ్ళకి దొరికేది మహా అయితే 60 రోజులు. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. కొత్త కంపెనీ లాయరు అడిగినవన్నీ - ఐ-140 రసీదు నెంబరు, పాత పే స్లిప్పులు, భార్య హెచ్-4 తేదీలు - ఎక్కడున్నాయి? ఆ లాకైన నోట్సులో! ఇండియాలో నాన్నగారిని చూసే డాక్టరు ఏ మందు ఎప్పుడు మార్చాడన్నది కూడా అందులోనే. హెచ్ఆర్ వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. "సెక్యూరిటీ టీముని అడిగి చెప్తాం" అన్నారు. ఆ అడగడానికి మూడు వారాలు పట్టింది. వీసా కాగితాలు ఎలాగో పాత లాయరు దగ్గర దొరికాయి. నాన్నగారి మందుల చరిత్ర మాత్రం తిరిగి రాలేదు. "అది కంపెనీ డేటా" అన్నారట. తన తండ్రి గుండె ఎప్పటినుంచి కంపెనీ డేటా అయిందో ఆ పిల్లాడికి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు.

"అలాగయితే అన్నీ నా సొంత అకౌంటులోనే రాసుకుంటా" అంటారు కొందరు తెలివైనవాళ్ళు. అది ఇంకో గొయ్యి. క్లయింటు డేటాబేసు వివరాలు మీ సొంత నోట్సులో ఉంటే, మీరు సంతకం పెట్టిన కాంట్రాక్టుకి అది విరుద్ధం అయ్యే అవకాశమే ఎక్కువ (సంతకం పెట్టేముందు చదివారా అని అడగను లెండి). రేపు ఏదైనా దావా నడిస్తే ఆ అకౌంటు కూడా చూపించమని అడగొచ్చు. అప్పుడు మీ ఇంటి గొడవలు, మీ డైరీ, మీ అప్పుల లెక్కలు అవతలి లాయరు బల్ల మీద ఉంటాయి. ఒకే ఒరలో రెండు కత్తులు పెడితే ఒర చిరుగుతుంది, ఏ కత్తి ఎవరిదైనా సరే.

ఇక్కడ ఇంకో జాతి వాళ్ళని కూడా పక్కకి జరపాలి. పొదుపు కోసం అకౌంట్లు పెంచేవాళ్ళు. ఎవర్‌నోట్ ఒకప్పుడు ఉచితంగా బోలెడంత ఇచ్చేది. 2016లో ఉచిత అకౌంటు రెండు పరికరాలకే అంది. బెండింగ్ స్పూన్స్ అనే ఇటలీ కంపెనీ చేతికి వెళ్ళాక, 2023 డిసెంబరులో ఉచిత అకౌంటుకి 50 నోట్సులు, ఒక్క పుస్తకం అని బిగించింది. వెంటనే మనవాళ్ళ బుర్ర పనిచేసింది. ఐదు జీమెయిళ్ళు, ఐదు అకౌంట్లు, 250 నోట్సులు! ఇది నేను చెప్పేదానికి పూర్తిగా ఎదురు. నేను చెప్పేది సొంతదారుని బట్టి విడగొట్టమని, బేరాన్ని బట్టి కాదు. మూడో అకౌంటులో ఏం రాశారో గుర్తుపెట్టుకోడానికి ఆరోది తెరవాలి. పైగా రెండేళ్ళు ముట్టుకోని సొంత అకౌంట్లని చెరిపేస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది కూడా. జీమెయిలు పోతే దానిమీద తెరిచిన నోట్సు పాస్‌వర్డు మర్చిపోయినరోజు మీ గతి ఏమిటి?

సరే, రెండు అకౌంట్లు పెట్టుకున్నంత మాత్రాన అయిపోయిందా అంటే, లేదు. అసలు లీకు అక్కడే. వన్‌నోట్లో రెండు అకౌంట్లూ పక్కపక్కనే తెరిచి పెట్టుకోవచ్చు, సుఖంగా ఉంటుంది. కానీ హడావిడిగా కొట్టే క్విక్ నోట్ ఏది డిఫాల్ట్ పుస్తకమయితే అందులోకి పోతుంది. ఐఫోన్ మరీ మాయదారిది. ఆఫీసు మెయిలు కలిపేటప్పుడు "నోట్స్" అన్న మీట ఆన్‌లో ఉండిపోతే, ఆ అకౌంటు కింద ఒక ఫోల్డరు పుడుతుంది. డిఫాల్ట్ అదయితే మీరు వంటింట్లో రాసిన సరుకుల చిట్టీ కూడా ఆఫీసు సర్వర్‌కి చేరుతుంది. ఉద్యోగం మారి ఆ మెయిలు అకౌంటు ఫోన్లోంచి తీసేశారనుకోండి, ఆ నోట్సులూ ఫోన్లోంచి పోతాయి. "ఫోన్ నాదే కదా" అంటే ఎవరూ వినరు. ఈ రాత్రే సెట్టింగ్స్ తెరిచి ఆ డిఫాల్ట్ ఏదో చూసుకోండి, రెండు నిమిషాల పని.

"ఇదంతా పెద్ద తలనొప్పి, రెండుచోట్ల వెతుక్కోవాలి" అంటారు. నిజమే, తలనొప్పే. నేను ఆఫీసువి ఆఫీసు లాప్‌టాప్‌లోనే రాస్తాను, ఇంటివి నా ఫోన్లోనే రాస్తాను. ఒకదాంట్లో రెండోది తెరవను. నెలలో ఒకటి రెండు సార్లు తప్పు గుమ్మం దగ్గర వెతుక్కుంటాను. ఆ కుర్రాడి మూడు వారాలతో పోలిస్తే ఇదేపాటి?

ఈ తలనొప్పిలో సగం యాప్‌లు తయారుచేసేవాళ్ళు పెట్టిందే. మనిషికొక అకౌంటు అన్నది వాళ్ళ లెక్కల సౌకర్యం, మన బతుకు తీరు కాదు. రెండో అకౌంటు పెట్టుకునేవాణ్ణి ఫ్రీగా దోచుకోడానికొచ్చినవాడిలా చూడటం మానాలి. రెండోదానికి కూడా డబ్బు కట్టమంటే కడతాను, నా నోట్సు కదా. బదులుగా నేను అడిగేది ఒకటే. నేను రాస్తున్న పేజీ పైన, ఇది కంపెనీదా నాదా అని కళ్ళకి కొట్టొచ్చేలా ఒక రంగు పట్టీ వేయండి. సబ్‌స్క్రిప్షన్ అయిపోవస్తోందని చెప్పడానికయితే ఇంత ఎర్రపట్టీ వేయడం మీకు బాగానే వచ్చు కదా!