తరాజు ఎవరిది? బాట్లు ఎవరివి?

ఏడాదికోసారి ఢిల్లీ నుంచి యూనివర్సిటీల ర్యాంకుల జాబితా వస్తుంది. తెల్లారేసరికి పత్రికల్లో అవే వార్తలు. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ పరువు నిలబెట్టింది. ఉస్మానియా జారింది, లేకుంటే నాలుగు మెట్లెక్కింది. కాకతీయ సంగతి లోపలి పేజీలో నాలుగు లైన్లు. పాలమూరు, శాతవాహన, మహాత్మాగాంధీ, తెలంగాణ యూనివర్సిటీల ఊసే ఉండదు. మొదటి పేజీలో మాత్రం తమ ర్యాంకును అరచేయంత అక్షరాల్లో అచ్చేయించుకున్న ప్రైవేటు యూనివర్సిటీల ప్రకటనలు. ఎకరం అమ్మయినా సరే బిడ్డను మంచి జాగల చదివించాలనుకునే తండ్రి చూసేది ఆ పేజీనే. కాబట్టి ఈ అంకెలను మేము ఊరికే వదిలేయదలచుకోలేదు.

2024 జాబితానే తీసుకోండి. దేశంలోని యూనివర్సిటీలన్నింటి వరుసలో ఉస్మానియాకు 43వ స్థానం దక్కింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీది 17. అదే ఏడాది కేంద్ర విద్యాశాఖ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకు మొదటిసారి వేరే వరుస పెట్టింది. అందులో ఉస్మానియాకు 6వ స్థానం. అవే భవనాలు, అవే హాస్టళ్ళు, అదే అధ్యాపకులు. ఒక కాగితం మీద 43, ఇంకో కాగితం మీద 6. రాష్ట్ర యూనివర్సిటీలను మిగతావాటితో కలిపి తూచడం సరికాదని తూచేవాళ్ళే ఎనిమిదేళ్ళకు ఒప్పుకున్నారన్నమాట. 2016లో మొదటి జాబితా వచ్చిన నాటి నుంచి ఆ ఎనిమిదేళ్ళూ "ఉస్మానియా పనైపోయింది" అని వినీ వినీ మన పిల్లల చెవులు చిల్లులు పడ్డాయి. ఆ పోయిన పరువుకు జవాబుదారీ ఎవరు?

యూనివర్సిటీల వరుసలో మొదటి జాబితా నుంచీ అగ్రస్థానం బెంగుళూరులోని ఇండియన్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ది. గొప్ప సంస్థే, కాదనం. కానీ అది కొన్ని వేలమంది విద్యార్థులతో, కేంద్రం పైసలతో నడిచే విజ్ఞాన పరిశోధనాలయం. దానికి అనుబంధ డిగ్రీ కాలేజీలు లేవు. జిల్లా జిల్లాకూ ప్రశ్నపత్రాలు పంపి, లక్షల జవాబు పత్రాలు దిద్దించి, మార్కుల మెమోలు ఇచ్చే పని లేదు. ఉస్మానియా, కాకతీయ నెత్తిన ఆ మూట తరాలుగా ఉంది. ఊళ్ళో డిగ్రీ చదివే కూలిబిడ్డ సర్టిఫికెట్ మీద ముద్ర వాళ్ళదే. ర్యాంకుల లెక్కలో ఈ పనికి గడి లేదు.

అక్కడ ఉన్న గడులేమిటో చూడండి. నూటికి 30 మార్కులు బోధన, వనరులకు. 30 పరిశోధనకు. 20 ఉత్తీర్ణతకు, పీహెచ్‌డీలకు. 10 అందరినీ కలుపుకుపోయినందుకు. చివరి 10 పేరు ప్రతిష్ఠలకు.

మొదటి ముప్ఫైలో పెద్ద వాటా విద్యార్థుల సంఖ్యకు తగ్గ శాశ్వత అధ్యాపకులు ఉన్నారా, ఎంత ఖర్చు పెడుతున్నారు అన్నవాటిది. పదిహేను మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడుంటే పూర్తి మార్కులు. మరి మన యూనివర్సిటీల్లో ఏం జరిగింది? ప్రొఫెసర్లు వరుసగా రిటైరయ్యారు. ఖాళీలు ఏళ్ళకేళ్ళు నిండలేదు. పాఠాలన్నీ కాంట్రాక్టు, పార్ట్ టైం వాళ్ళ మీద నడిచాయి. కొలువులివ్వాల్సింది సర్కారు, మార్కులు పోయింది యూనివర్సిటీకి. ఉమ్మడి రాష్ట్రంలో ఇదే అన్యాయమని నిలదీసినవాళ్ళం. 2014 తర్వాత సొంత రాష్ట్రంలోనూ నిలదీయక తప్పలేదు. ఖాళీలు నింపడానికి లేని తొందర 2018లో ప్రైవేటు యూనివర్సిటీల చట్టం తేవడానికి మాత్రం ఉండింది.

అందరినీ కలుపుకుపోవడం అనే గడి పేరు వింటే పేదపిల్లల గురించే అనిపిస్తుంది. వాళ్ళకూ, ఆడపిల్లలకూ, వికలాంగులకూ కొంత వాటా ఉన్న మాట నిజం. కానీ అందులో నూటికి 30 వంతులు ఇతర రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు. 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మన యూనివర్సిటీ సీట్లలో 85 శాతం స్థానికులకు దక్కాలంది. ఆ హక్కు కోసం ఎన్ని రక్తాలు కారాయో చెప్పనక్కర్లేదు. స్థానికుడికి సీటిచ్చిన యూనివర్సిటీకి ఈ తరాజులో మార్కులు తగ్గుతాయి. లక్షల ఫీజు కట్టగలిగినవాళ్ళను దేశం నలుమూలల నుంచి పోగేసిన క్యాంపస్‌కు "వైవిధ్యం" పేరున పెరుగుతాయి. ఏం వైవిధ్యమో అది!

పరిశోధన మార్కులకు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ పట్టికలే ఆధారం. వాటిలో ఉన్నదే పరిశోధన. అవి ముఖ్యంగా ఇంగ్లీషు పత్రికల పట్టికలు. 1918లో ఉస్మానియా పుట్టిందే దేశభాషలో పైచదువు చెప్పాలన్న సంకల్పంతో. వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం ఉర్దూలో చెప్పారు. అందుకోసం దారుల్ తర్జుమా పెట్టి, పుస్తకాలు తర్జుమా చేయించి, శాస్త్ర పదాలు కొత్తగా తయారు చేయించారు. (ఇంట్ల తెలుగు మాట్లాడే పిల్లలకు అదీ పరాయి భాషే అయిందన్న ఫిర్యాదు వేరే ఉంది. అది ఇంకోసారి.) ఆ తర్వాత బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద చేసిన పరిశోధన కూడా ఆ క్యాంపస్ నుంచి వచ్చిందే. మన పల్లె పాటను చదువుల మెట్లెక్కించిన పని అది. తెలుగులో అచ్చయిన అలాంటి గ్రంథానికి ఈ లెక్కలో దాదాపు విలువ లేదు. ఎవరూ చదవని ఇంగ్లీషు వ్యాసాలు నాలుగు రాసినవాడు నయం!

ఇక పేరు ప్రతిష్ఠలు. కొలువులిచ్చే కంపెనీలను, తోటి ప్రొఫెసర్లను అడిగి వేసే మార్కులివి. పేరున్నదని ర్యాంకు, ర్యాంకున్నదని పేరు. లండన్ నుంచి వచ్చే క్యూఎస్ జాబితా అయితే చాలా ఏళ్ళు 40 శాతం మార్కులు ప్రొఫెసర్ల అభిప్రాయానికే ఇచ్చింది. ఇప్పుడు 30 చేసింది.

పేరుతో పాటు పైసలూ నడుస్తాయి. 2017లో కేంద్రం "విశిష్ట సంస్థలు" అని పథకం పెట్టింది. దరఖాస్తుకు ర్యాంకే గేటుపాసు. ఎంపికైన ప్రభుత్వ సంస్థకు ఐదేళ్ళలో వెయ్యి కోట్ల దాకా ఇస్తామన్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఆ హోదా దక్కింది. అన్నా, జాదవ్‌పూర్ లాంటి రాష్ట్ర యూనివర్సిటీల దగ్గరికి వచ్చేసరికి, రాష్ట్రం తన వాటా వేసుకుంటేనే అన్నారు. పని ముందుకు సాగలేదు. 2018లో అప్పటికింకా కట్టని జియో ఇనిస్టిట్యూట్‌కు మాత్రం విశిష్టత ఖాయమైంది. నిధులివ్వలేదు, హోదానే ఇచ్చామని సర్దుకున్నారు. పుట్టని బిడ్డకు పేరెట్లా వచ్చిందని దేశమంతా నవ్వింది.

సెంట్రల్ యూనివర్సిటీ మీద మాకు కడుపుమంట లేదు. 1969, 1972 ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరుసూత్రాల పథకంలో ఒక సూత్రంగా 1974లో పుట్టిన క్యాంపస్ అది. మన పిల్లలూ అక్కడ చదువుతున్నారు. ఉస్మానియా తప్పులను ఈ వాదంతో కడిగేయాలనీ లేదు. నెలల తరబడి రాని ఫలితాలు, అక్కడిదిక్కడ దించిన సిద్ధాంత వ్యాసాలు, నీళ్ళచారు మెస్సులు తరాజు తప్పుతో వచ్చినవి కావు. ఆ జబ్బులు ఈ ర్యాంకులో కనిపించవు కూడా, అందుకే మాకు దీంతో పేచీ. లెక్కలు సంస్థలే నింపి పంపుకునేవి. మెస్సులో పళ్ళెం ముందు ఎవరూ కూర్చుని చూడరు.

మేమైతే ఇంకో రకం లెక్క అడుగుతాం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టాతో బయటపడ్డారు? ఒక్కొక్కరి మీద సర్కారు పెట్టిందెంత, ఇంటివాళ్ళు పెట్టిందెంత? ఈ గడులతో ఉస్మానియాను, కాకతీయను, పాలమూరును, కోట్ల ఫీజుల క్యాంపస్‌లను ఒక్కసారి పక్కపక్కన నిలబెట్టండి. ఆ కాగితం ఎట్లుంటదో చూద్దాం.

అంతకన్నా ముందు చేయగలిగిన పనొకటుంది. వచ్చే జాబితా వచ్చిన రోజు అభినందన ఫ్లెక్సీ కట్టే ప్రతి వైస్ ఛాన్సలర్, దాని పక్కనే తన యూనివర్సిటీలో శాఖలవారీగా మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీగా ఉన్నవెన్ని అన్న పట్టిక కూడా కట్టాలి. సచివాలయం గేటు ముందు కూడా ఒకటి కట్టాలి.