సంతకం పడని రికార్డు

డబ్బులిచ్చి ఎవరిచేతో రాయించిన ల్యాబ్ రికార్డుకి సంతకం పడుతుంది. కుర్రాడు రాత్రంతా కూర్చుని తానే టైప్ చేసుకున్న రికార్డుకి పడదు. ఇదీ మన ఇంజినీరింగ్ కాలేజీ నీతి! రికార్డులు రాసిపెట్టే బేరాలు హాస్టళ్లలో ఎలా సాగుతాయో లెక్చరర్లకు తెలియదా? ఒకే చేతిరాతతో ఎన్ని రికార్డులొచ్చినా చకచకా సంతకాలు పెట్టేస్తారు.

మా అబ్బాయికి డిస్ప్రాక్సియా. తెలివికి లోటు లేదు. ఏం చేయాలో తెలుసు, చెయ్యి ఆ వరుసలో కదలదు. పేజీ తిరిగేసరికి వేళ్లు కొయ్యబారిపోతాయి. డ్రాయింగ్ క్లాసులో డ్రాఫ్టర్ కదలకుండా ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో గీత లాగడం అందరికీ ఒక్క పని, వాడికి రెండు. గీత సగంలో ఉండగా స్కేలు జారుతుంది. చెరిపి చెరిపి షీటు చిరుగుతుంది. ‘బద్ధకం’ అన్నారొక సారు. హెచ్‌ఓడీ గారైతే నా మొహం మీదే అన్నారు: “మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా? వేళ్ల మీద నాలుగు తగిలిస్తే రాత దానంతటదే కుదిరేది.”

వాడి తంటాలు వాడు పడుతూనే ఉన్నాడు. ఫోను లాక్కోని రోజున పాఠం రికార్డు చేసుకుంటాడు. రేపటి ప్రయోగాన్ని ముందురోజే చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి టైప్ చేసుకుంటాడు. బ్యూరెట్ తిప్పుతూ ఫ్లాస్కు ఆడించడం కుదరదు కనుక, పక్కవాడితో ఒప్పందం: వాడు తిప్పితే వీడు రీడింగులూ లెక్కలూ చూస్తాడు. ఇందులో ఒక్కటీ కాలేజీ నేర్పలేదు. టైప్ చేసిన రికార్డు తీసుకోవడానికీ, నోట్సు ముందుగా ఇవ్వడానికీ, బొమ్మ ఆటోక్యాడ్‌లో గీయనివ్వడానికీ యాజమాన్యానికి ఎంత ఖర్చవుతుంది? ఎలాగూ రేపు ఉద్యోగంలో గీసేది అందులోనేగా!

చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూల్లో డిస్ప్రాక్సియా పేరు పెట్టి మరీ ఉంది. రైటర్స్ క్రాంప్ ఉన్న సివిల్స్ అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ను నిరాకరిస్తే, అది చెల్లదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో, 40 శాతం లోపున్నా రాయడం కష్టమైనవాళ్లకు స్క్రైబ్, గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితాలు చూపిస్తే పరీక్షల విభాగంలో గుమాస్తా ప్రిన్సిపాల్‌ని కలవమంటాడు, ప్రిన్సిపాల్ యూనివర్సిటీని అడగమంటారు, యూనివర్సిటీ వాళ్లు కాలేజీ ద్వారా రమ్మంటారు. ఈలోగా సెమిస్టర్ అయిపోతుంది.

తనిఖీకి న్యాక్ వాళ్లొస్తున్నారంటే మాత్రం రాత్రికి రాత్రే ర్యాంపులు కట్టి రంగులేస్తారు. కంటికి కనపడే వైకల్యానికే అంత మర్యాద, అదీ ఫొటో కోసం!

నేను దయ అడగడం లేదు. కుదరదంటే, ఆ మాటే లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసి ఇవ్వండి. వికలాంగుల కమిషనర్ ఆఫీసు ఎక్కడుందో నాకు తెలుసు.