మీట నొక్కునది పైవారు – మాట పడునది గుమాస్తా

సోదర కార్మికులారా,

భిలాయి పవర్ హౌస్‌లో రైల్వే, తపాలా కౌంటర్లకు వచ్చు ప్రజలలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల నుండి ఉక్కు కర్మాగారపు పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములవారు అనేకులు. టికెట్టు రాకపోయినను, స్వగ్రామమునకు పంపు కవరు బుక్ కాకపోయినను వారు నిలదీయునది ఎదుట కూర్చున్న గుమాస్తానే. రాత్రికి రాత్రి కంప్యూటరు వ్యవస్థను మార్చిన పెద్దలు వారికి కనబడరు.

మేము యంత్రములకు విరోధులము కాము. చేతి లెడ్జర్ల చాకిరీ ఎరిగినవారము. మా అభ్యంతరము మార్చు పద్ధతిపైననే.

రైల్వే సోదరులకు విదితమే. సిగ్నల్ విభాగము పాయింటును విప్పవలెనన్న స్టేషను మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇచ్చి సంతకము పొందవలెను. పరీక్షించి రీకనెక్షన్ మెమో ఇచ్చిన పిదపనే అది వాడుకకు వచ్చును. సిగ్నల్ పనులలో లోపము జరిగిన ఫలితమెట్టిదో 2023 జూన్ 2న బహానగా బజార్ చూపినది. 290 మందికి పైగా అసువులు బాసిరి. ఇనుప పాయింటుకున్న నియమము కంప్యూటరుకు ఏల ఉండరాదు?

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఒక్క ఫైలు సుమారు 85 లక్షల విండోస్ యంత్రములను నీలితెరతో స్తంభింపజేసినది. సంస్థ గంటన్నరలోపే దానిని ఉపసంహరించినను పడిన యంత్రములు వాటంతట అవి లేవలేదు. అనేకచోట్ల మనిషి యంత్రము ఎదుట కూర్చుండి, సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఫైలును తొలగించి, మరల నడుపవలసి వచ్చినది. మన దేశపు విమానాశ్రయములలో సిబ్బంది బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చిరి. కంప్యూటరు ఓడినచోట కార్మికుని కలము నిలబడినది!

తపాలా శాఖ కొత్త ఏ.పి.టి. వ్యవస్థను శాఖ సొంత కేంద్రమే రూపొందించినది, అందుకు గర్వించుచున్నాము. 2025లో ముందుగా కర్ణాటకలో పరీక్షించుట మెచ్చదగినదే. కాని దేశవ్యాప్త అమలుకు ఎంచుకొన్న దినమేది? ఆగస్టు 4. రాఖీ పండుగ ఆగస్టు 9. రాఖీ కవర్లు గుట్టలుపడు వారమున పలుచోట్ల సర్వర్లు మందగించినవి. ప్రజలు వరుసలలో విసిగిపోయిరి. గుమాస్తా చేతిలోనున్న చికిత్స యంత్రమును ఆపి మరల నడుపుట ఒక్కటే!

“సాంకేతిక లోపములు సహజము, సిబ్బంది సర్దుకొనవలెను” అందురు. సహజమైనచో ముందుగానే ఏర్పాట్లు చేయుట యాజమాన్యపు విధి కాదా? లోపము సహజము, సంజాయిషీ మాత్రము గుమాస్తాదా?

కావున మేము డిమాండు చేయుచున్నాము:

1. ఆపరేటింగ్ సిస్టమ్ గాని, అప్లికేషను గాని మార్చుటకు ముందు కౌంటరు సిబ్బంది పరీక్షించి సంతకము చేయవలెను.

2. కొత్తది నిలదొక్కుకొనువరకు పాత వ్యవస్థకు మరలు మార్గమును, కాగితపు రశీదులను సిద్ధముగా ఉంచవలెను.

3. పండుగ వారములలో, జీతముల దినములలో మార్పిడి చేయరాదు.

4. శిక్షణ డ్యూటీ వేళలలోనే జరుపవలెను. అదనపు గంటలకు ఓవర్‌టైము చెల్లించవలెను.

5. ప్రతి అంతరాయమును రిజిస్టరులో నమోదు చేయవలెను. యంత్రలోపమునకు ఉద్యోగికి మెమో ఇవ్వరాదు.

సోదరులారా! ఈ రోజే మీ కౌంటరు వద్ద ఒక నోటు పుస్తకము తెరవుడు. యంత్రము ఆగిన వేళ, లేచిన వేళ వ్రాయుడు. రేపటి చర్చలలో మన బలము ఆ పుటలే.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!